వడ్డీ లెక్క వచ్చు, డబ్బు నిలవదు: ఇంటి చదువులో డబ్బు పాఠం ఎలా ఉండాలి?

పిల్లలకు డబ్బు గురించి నేర్పాలా వద్దా అంటే వద్దనేవాళ్లు కనబడరు. నేర్పితే నిజంగా అలవడుతుందా అన్నది మాత్రం చిక్కు ప్రశ్న. 2014లో డేనియల్ ఫెర్నాండెస్, జాన్ లించ్, రిచర్డ్ నెటెమేయర్ అనే ముగ్గురు పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన 201 అధ్యయనాలను ఒకచోట చేర్చి తరచి చూశారు. పొదుపులో, అప్పుల్లో, ఖర్చుల్లో మనిషికీ మనిషికీ కనబడే తేడాల్లో డబ్బు పాఠాల వల్ల వచ్చింది 0.1 శాతమేనని తేల్చారు. గంటల తరబడి చెప్పిన పాఠాల ప్రభావం కూడా 20 నెలలు తిరిగేసరికి దాదాపుగా చెరిగిపోయింది. పిల్లల్ని ఇంట్లోనే చదివించుకుంటూ, బడి నేర్పనిది మేం నేర్పుకుంటామనే తల్లిదండ్రులకు ఇది మింగుడుపడని మాట.

అక్కడితో చర్చ ముగిసిపోలేదు. 2022లో టిమ్ కైజర్, అన్నామరియా లుసార్డి, మరి కొందరు కలిసి ఇంకో విశ్లేషణ ప్రచురించారు. మనుషుల్ని లాటరీ పద్ధతిలో రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకే పాఠం చెప్పి, తర్వాత ఇద్దరినీ పోల్చిన ప్రయోగాలను మాత్రమే వీళ్లు లెక్కలోకి తీసుకున్నారు. అలాంటివి 76. పాల్గొన్నవాళ్లు 1,60,000 మందికి పైనే. ఇందులో ఫలితం మెరుగ్గా వచ్చింది. పాఠాల వల్ల తెలివిడి పెరుగుతోంది, నడవడి కూడా కొంత మారుతోంది. అయితే తెలివిడి పెరిగినంతగా నడవడి మారడం లేదు.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చూస్తే నాకు అర్థమయ్యేది ఇది. పాఠం వృథా కాదు. కానీ డబ్బు గురించి తెలియడం ఒకటి, డబ్బుతో మసలుకోవడం ఇంకొకటి. మొదటిది పుస్తకంలోంచి వస్తుంది. రెండోది నిర్ణయం తీసుకుని, దాని ఫలితాన్ని అనుభవిస్తేనే వస్తుంది. 2014 నాటి ముగ్గురూ చేసిన సూచన కూడా ఇంచుమించు ఇదే. ఏళ్ల ముందు చెప్పి వదిలేసే పాఠం కంటే, నిర్ణయం తీసుకోబోయే వేళకు దగ్గరగా చెప్పే పాఠం మేలని.

ఇంటి చదువుకున్న అసలు బలం ఇక్కడే ఉంది. ఇంట్లో రోజూ ఏదో ఒక నిర్ణయం జరుగుతూనే ఉంటుంది. ఏది కొనాలి, ఏది ఆపాలి, ఏది బాగుచేయించాలి, ఏది పారేయాలి, ఏ బిల్లు ముందు కట్టాలి. బడిలో టీచర్ ఎంత మంచివారైనా పాఠం కోసం వీటిని ఊహించి చెప్పాల్సిందే. ఇంట్లో ఊహించాల్సిన పని లేదు. అయినా చాలా ఇళ్లలో జరిగేది వేరు. "డబ్బు నిర్వహణ" అని పేరు రాసి ఉన్న వర్క్‌బుక్ ఒకటి కొంటారు, వారానికి ఒక గంట కేటాయిస్తారు, ఖాళీలు పూరింపిస్తారు. పక్క గదిలో నిజమైన నెలసరి ఖర్చుల మాట పెద్దవాళ్లు గొంతు తగ్గించి మాట్లాడుకుంటూ ఉంటారు. అలా చేస్తే బడిని ఇంటికి తెచ్చుకున్నట్టే తప్ప ఇంటి బలాన్ని వాడుకున్నట్టు కాదు.

బజారు లెక్క, బడి లెక్క

ఇక్కడ ఒక అపోహ ఎదురుగా వస్తుంది. "అయితే పుస్తకాలెందుకు? పిల్లాణ్ని బయటికి తీసుకెళ్లి కొనమంటే చాలు, లెక్కలు వాటంతటవే వస్తాయి" అనేవాళ్లు ఇంటి చదువు ఎంచుకున్నవాళ్లలో కొందరున్నారు. ఆ మాటలో సగమే నిజముంది. మిగతా సగం గురించి చాలా ఏళ్ల కిందటే బ్రెజిల్‌లో ఆధారం దొరికింది.

1985లో తెరెజీన్యా కరాహెర్, డేవిడ్ కరాహెర్, అనలూసియా ష్లీమన్ అనే మనస్తత్వవేత్తలు రెసీఫె నగరపు వీధుల్లో సరుకులమ్మే పిల్లల్ని పరిశీలించారు. కొనేవాళ్లలా వెళ్లి బేరం చేస్తూ లెక్కలడిగితే ఆ పిల్లలు నూటికి 98 సరిగ్గా చెప్పారు. అవే అంకెల్ని తర్వాత కాగితం మీద ఉత్త కూడికలు, గుణకారాలుగా ఇస్తే సరైన జవాబులు 37 శాతానికి పడిపోయాయి. ఒక్కో కొబ్బరికాయ 35 అయితే పదింటికి ఎంత అని 12 ఏళ్ల కుర్రాణ్ని అడిగారు. మూడింటికి 105, ఇంకో మూడు కలిపితే 210 అనుకుంటూ, మూడేసి చొప్పున పోగేసుకుని 350కి చేరుకున్నాడు. పదితో గుణించాలంటే చివర సున్నా పెడితే చాలనే బడి కిటుకు అతనికి అక్కర్లేకపోయింది. లేదా, అది తన బజారు లెక్కకు పనికొస్తుందని తోచలేదు.

అప్పుడు పరిశీలించింది ఐదుగురు పిల్లల్నే. నలభై ఏళ్ల తర్వాత, 2025లో, అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో, ఎలిజబెత్ స్పెల్కీ, వాళ్ల సహచరులు 'నేచర్' పత్రికలో ఇదే సంగతిని చాలా పెద్ద ఎత్తున చూపించారు. కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో పనిచేసే పిల్లలు పలు మెట్లున్న బేరాల లెక్కను నోటితోనే తేల్చేస్తున్నారు. బడి పద్ధతిలో రాసిన తేలికపాటి భాగహారం దగ్గర ఆగిపోతున్నారు. బడికి మాత్రమే వెళ్లే పిల్లల పరిస్థితి దీనికి తలకిందులు. కాగితం మీద మెరుగు, బజారు లెక్క దగ్గర తడబాటు. అంటే వంతెన రెండు వైపుల నుంచీ లేదు. అనుభవం దానంతటది సూత్రంగా మారదు, సూత్రం దానంతటది అనుభవంలోకి దిగదు.

ఇంటి చదువు చెప్పేవాళ్లకు ఇంతకంటే పనికొచ్చే పరిశోధన ఇంకొకటి లేదని నా నమ్మకం. ఎందుకంటే ఆ వంతెన కట్టే తీరిక, అవకాశం ఉన్నది వాళ్లకే. పొద్దున పిల్లలు దుకాణంలో నోటితో వేసిన లెక్కను సాయంత్రం కాగితం మీద పెట్టించాలి. "ఇందాక నువ్వు మనసులో ఎలా కలిపావో అలాగే రాయి" అనాలి. రాసింది చూశాక దానికి బడి వాడే గుర్తులు పరిచయం చేయాలి. మర్నాడు ఎదురు దిశలో నడిపించాలి. పుస్తకంలో శాతాల పాఠం వస్తే, ఆ శాతం ఇంట్లో ఏ కాగితం మీద ఉందో వెతకమనాలి. రాయితీ చీటీ మీదో, పన్ను వేసిన రసీదు మీదో, బ్యాంకు పంపిన సందేశంలోనో తప్పకుండా ఉంటుంది.

కరెంటు బిల్లు దీనికి మంచి సాధనం. వెయ్యి వాట్ల పరికరం గంటసేపు నడిస్తే ఒక యూనిట్. రెండు వేల వాట్ల హీటర్ అరగంటలో ఆ యూనిట్‌ను కాల్చేస్తుంది. పది వాట్ల ఎల్‌ఈడీ బల్బుకు అదే యూనిట్ వంద గంటలు వస్తుంది. పదేళ్ల పిల్ల మీటర్ రీడింగు రోజూ రాసుకుని, నెలాఖరున బిల్లు ఎంత రావచ్చో ముందే అంచనా వేసి, వచ్చిన బిల్లుతో సరిచూసుకుంటే అందులో గుణకారం ఉంది, దశాంశాలున్నాయి, భౌతికశాస్త్రం ఉంది, ఇంటి ఖర్చు ఉంది. అంచనాకూ అసలు బిల్లుకూ మధ్య తేడా వస్తే ఇంకా మంచిది. స్థిర చార్జీ, పన్ను లాంటివి అప్పుడే కంటపడతాయి.

ఏ వయసుకు ఏది

పిల్లలకు డబ్బు విషయంలో ఏది ఎప్పుడు అర్థమవుతుందో పెద్దవాళ్లు తరచూ పొరబడతారు. గుస్తావ్ జహోదా 1979లో ప్రచురించిన అధ్యయనంలో గ్లాస్గో పిల్లలతో దుకాణం ఆట ఆడించి చూశాడు. దుకాణదారు తాను కొన్న ధరకే సరుకు అమ్ముతాడని చిన్నపిల్లలు అనుకున్నారు. కొన్న ధరకూ అమ్మే ధరకూ తేడా ఉండాలని, ఆ తేడాలోంచే జీతాలు వస్తాయని చాలామందికి పది పదకొండేళ్లు వస్తేగానీ స్పష్టం కాలేదు. అందుచేత ఆరేళ్ల పిల్లకు లాభనష్టాల గురించి ఉపన్యాసం ఇచ్చి, అర్థం కాలేదని విసుక్కుంటే తప్పు పిల్లది కాదు.

ఐదారేళ్లకు చేయగలిగిందల్లా ఒక్కటే: ఇది తీసుకుంటే అది రాదు అన్న సంగతి చేతికి తెలియడం. అందుకు ఆ వయసులో నాణేలు, నోట్లు కావాలి. కార్డు తాకించడం, ఫోను చూపించడం చూసిన పిల్లకు డబ్బు తరిగిపోవడం కనబడదు. ఈ ఇబ్బంది పెద్దవాళ్లకూ ఉంది. 2001లో డ్రేజన్ ప్రెలెక్, డంకన్ సిమెస్టర్ అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో విద్యార్థులకు ఆట టికెట్లు వేలం వేస్తే, కార్డుతో చెల్లించమన్నవాళ్లు నగదు చెల్లించమన్నవాళ్ల కంటే దాదాపు రెట్టింపు పాట పాడారు. పెద్ద చదువుల వాళ్లకే అలా ఉంటే చిన్నపిల్లల సంగతి వేరే చెప్పాలా? తర్వాత్తర్వాత కంటికి కనబడని డబ్బు కూడా నేర్పాల్సిందే. పన్నెండేళ్లు దాటిన పిల్లలకు ఆటల యాప్‌లలో కొనుగోళ్లు, మొదటి నెల ఉచితమని చెప్పి రెండో నెల నుంచి తనంతట తాను డబ్బు లాక్కునే చందాలు, ఎవరికీ చెప్పకూడని ఓటీపీ, ఇవన్నీ నిజమైన తెర ముందు కూర్చోబెట్టి చూపించాలి. పునాది మాత్రం చేతిలో లెక్కపెట్టే డబ్బుతోనే పడాలి.

"వదులుకున్నదాని ఖరీదు" అన్న ఆలోచన కూడా పిల్లలకు చెప్పడం మనం అనుకున్నంత కష్టం కాదు. 2009లో షేన్ ఫ్రెడరిక్, సహచరులు చేసిన ప్రయోగంలో ఒక వీడియో కొంటారా అని అడిగితే 75 శాతం కొంటామన్నారు. వేరేవాళ్లకు అదే ప్రశ్నలో "కొనను" అన్న వికల్పం పక్కన "ఆ డబ్బు వేరేవాటికి ఉంచుకుంటాను" అన్న మాట చేర్చారు. కొంటామన్నవాళ్లు 55 శాతానికి తగ్గారు. కొత్త సమాచారమేమీ ఇవ్వలేదు, అందరికీ తెలిసిన సంగతినే గుర్తుచేశారు. పిల్లలు ఏదైనా కొనబోతున్నప్పుడు "వద్దు" అనే బదులు "ఈ డబ్బుతో ఇంకేం రావచ్చు?" అని ఒక్క ప్రశ్న అడిగి ఊరుకోవడం నాకు తెలిసిన అన్ని డబ్బు పాఠాల్లోకీ చవకైనది. ఊరుకోవడం ముఖ్యం. ప్రశ్న తర్వాత ఉపన్యాసం మొదలైతే అది ప్రశ్న కాకుండా పోతుంది.

జేబు ఖర్చు, ఇంటి పని

తల్లిదండ్రుల మధ్య ఎక్కువ వాదన నడిచేది దీని మీదే. డబ్బు ఊరికే ఇవ్వాలా, పని చేయించుకుని ఇవ్వాలా?

పనికి డబ్బు ఇవ్వాలనేవాళ్ల వాదన తేలిగ్గా అర్థమవుతుంది. లోకంలో డబ్బు ఊరికే రాదు కదా. కానీ దీనికి ఇంకో కోణముంది. 1973లో మార్క్ లెప్పర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ బొమ్మలు వేయడమంటే ఇష్టమున్న చిన్నపిల్లల్ని మూడు జట్లు చేశారు. ఒక జట్టుకు, బొమ్మ వేస్తే మెచ్చుకోలు పత్రం ఇస్తామని ముందే చెప్పి, వేశాక ఇచ్చారు. ఇంకో జట్టుకు చెప్పకుండా ఇచ్చారు. మూడో జట్టుకు ఏమీ ఇవ్వలేదు. కొద్దిరోజుల తర్వాత ఏ బహుమతీ లేకుండా రంగుల కలాలు అందుబాటులో పెడితే, ముందే మాట తీసుకున్న జట్టు పిల్లలు మిగతావాళ్లు గడిపిన సమయంలో సగమే బొమ్మలతో గడిపారు. ఇష్టంగా చేసే పనికి ముందే వెల కడితే, వెల తీసేశాక ఇష్టం కూడా తగ్గవచ్చన్నమాట.

ఇల్లు ఊడ్చడం పిల్లలకు బొమ్మలేసినంత ఇష్టమైన పని కాదు గనుక ఈ ప్రయోగాన్ని నేరుగా ఇంటి పనికి అంటగట్టలేం. అయినా ప్రతి పనికీ ధర నిర్ణయించిన ఇంట్లో ఏదో ఒకరోజు పిల్లాడు "ఇవాళ నాకు డబ్బు అక్కర్లేదు, పని చేయను" అంటాడు. మనం రాసుకున్న ఒప్పందం ప్రకారం అతనన్నది న్యాయమే. అందుకే మూడింటినీ విడివిడిగా ఉంచడం మేలని నా అభిప్రాయం. ఇంట్లో ఉన్నందుకు అందరూ చేసే పనులకు డబ్బు ఉండదు. నేర్చుకోవడం కోసం ఇచ్చే జేబు ఖర్చు, పనితో సంబంధం లేకుండా, చెప్పిన రోజుకు చెప్పినంత వస్తుంది. మామూలుగా బయటివాళ్లకు డబ్బిచ్చి చేయించే పెద్ద పని ఏదైనా పిల్లలు చేస్తే దానికి ముందే మాట్లాడుకుని కూలి ఇవ్వాలి.

జేబు ఖర్చును శిక్షగా కోత కోయడం మాత్రం అస్సలు వద్దు. అల్లరి చేస్తే సగం, మార్కులు తగ్గితే సున్నా అంటే అది పిల్లలు ఆధారపడి లెక్క వేసుకోగల డబ్బు కాదు. లెక్క వేసుకోలేని డబ్బుతో ప్రణాళిక ఎలా నేర్చుకుంటారు?

ఆగడం ఎవరి చేతిలో ఉంది?

పిల్లల నిగ్రహం గురించి మాట వస్తే స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో వాల్టర్ మిషెల్ చేసిన మార్ష్‌మెలో ప్రయోగం గురించి ఎవరో ఒకరు చెబుతారు. ఎదురుగా ఒక మిఠాయి, కాసేపు తినకుండా ఆగితే రెండోది. ఆగగలిగిన పిల్లలు పెద్దయ్యాక చదువులో రాణించారని తర్వాత వచ్చిన వ్యాసాలు చెప్పాయి. దాంతో నిగ్రహమే విజయానికి తాళంచెవి అన్న మాట లోకమంతా పాకిపోయింది.

2018లో టైలర్ వాట్స్, గ్రెగ్ డంకన్, హోనన్ క్వాన్ 900 మందికి పైగా పిల్లల సమాచారంతో మళ్లీ చూశారు. పాత సంబంధం సగానికి తగ్గింది. ఇంటి పరిస్థితులు, తల్లి చదువు, పిల్లల తొలి సామర్థ్యాలు లెక్కలోకి తీసుకుంటే ఆ మిగిలిన దాంట్లోనూ మూడింట రెండు వంతులు కరిగిపోయింది. దానికి ముందే, 2013లో, సెలెస్ట్ కిడ్, ఆమె సహచరులు ఇంకా సూటిగా పని చేశారు. 28 మంది పిల్లల్లో సగం మందికి ముందుగా ఒక మాట ఇచ్చి తప్పారు, మంచి రంగులు తెస్తామని వెళ్లి ఉత్త చేతులతో తిరిగొచ్చారు. మిగతా సగానికి మాట నిలబెట్టుకున్నారు. ఆ తర్వాత మిఠాయి పరీక్ష పెట్టారు. మాట తప్పిన పెద్దల దగ్గరున్న పిల్లలు సగటున 3 నిమిషాలు ఆగారు. మాట నిలబెట్టుకున్నవాళ్ల దగ్గరున్న పిల్లలు 12 నిమిషాలు ఆగారు.

ఇది చదివాక పొదుపు పాఠం మొత్తం తిరగబడుతుంది. పిల్లలు దాచుకోవడం అన్నది ముందుగా పిల్లల గుణం కాదు, రేపు వస్తుందన్నది నిజంగా వస్తుందన్న నమ్మకం. దాచిన డబ్బును "అవసరమొచ్చింది, తర్వాత ఇస్తాలే" అని పెద్దవాళ్లు తీసుకుని మరిచిపోయే ఇంట్లో, వచ్చిన వెంటనే ఖర్చు పెట్టేసే పిల్లాడు తెలివితక్కువవాడు కాదు. తన చుట్టూ ఉన్న లోకాన్ని సరిగ్గానే చదివాడు. తీసుకోక తప్పకపోతే చీటీ రాసి, తేదీ వేసి, ఆ తేదీకి తిరిగి ఇవ్వాలి.

ఆదాయం నిలకడగా లేని కుటుంబాల గురించి ఇక్కడే ఒక మాట చెప్పాలి. డబ్బు పాఠాల ప్రభావం తక్కువ ఆదాయం ఉన్నవాళ్లలో ఇంకా తక్కువని 2014 విశ్లేషణలో తేలింది. ఇందులో వింతేమీ లేదు. చేతికి వచ్చేది చాలనప్పుడు బడ్జెట్ వేసుకోవడం తెలిసినా అది చాలేటట్టు చేయలేదు. పేదరికమంటే క్రమశిక్షణ లేకపోవడమని పిల్లలు నేర్చుకుంటే అది అబద్ధపు పాఠం, పైగా క్రూరమైన పాఠం. డబ్బు నేర్పే ప్రతి ఇంట్లో ఈ సంగతి పైకి చెప్పుకోవాలి.

ఇంటి బ్యాంకు

వడ్డీని చూపించడానికి చాలా ఇళ్లలో ఒక చిన్న ఏర్పాటు చేస్తారు. పిల్లలు దాచుకున్నదానికి తల్లిదండ్రులే వడ్డీ కడతారు. నిజం బ్యాంకు వడ్డీ పిల్లల కంటికి ఆనదు గనుక రేటు పెంచుతారు. నెలకు 5 శాతమనుకుందాం. వంద వేస్తే నెలకు ఐదు చొప్పున ఏడాదికి 160 అవుతుందని పిల్లలు లెక్క వేస్తారు. ముట్టుకోకుండా ఉంచితే నిజానికి దాదాపు 180 అవుతుంది. ఆ అదనపు 20 ఎక్కడిదని నోటుపుస్తకంలో నెలనెలా రాసుకుంటూ వెతికిన పిల్లకు చక్రవడ్డీని వేరే నిర్వచించాల్సిన అవసరం రాదు.

ఇందులో ఒక ప్రమాదం ఉంది, దాన్ని చాలామంది పట్టించుకోరు. నెలకు 5 శాతం మామూలే అన్న అభిప్రాయం పిల్లల మనసులో పడిపోతే, పెద్దయ్యాక అంత వడ్డీ ఇస్తామని వచ్చే మోసగాడు వాళ్లకు మోసగాడిలా కనిపించడు. అందుకని పది పన్నెండేళ్లప్పుడు ఇంటి బ్యాంకు రేటు ఆట రేటని విడమరిచి చెప్పాలి. నిజం బ్యాంకు రేటు పక్కన పెట్టి చూపించాలి. బయట ఎవరైనా ఇలాంటి రేటుకు హామీ ఇస్తే, అంత డబ్బు వాళ్లకు ఎక్కడి నుంచి వస్తుందో అడగాలని నేర్పాలి. పాతవాళ్లకు కొత్తవాళ్ల డబ్బే పంచి, కొత్తవాళ్లు రావడం ఆగగానే కూలిపోయే పథకాల గురించి చెప్పడానికి ఇంతకంటే మంచి సమయం దొరకదు.

పొదుపు ఇంతగా నేర్పేవాళ్లు కూడా అప్పు దగ్గరికి వచ్చేసరికి "అప్పు చేయకూడదు" అని ఒక్క వాక్యంతో సరిపెడతారు. అది చాలదు. పదమూడు పద్నాలుగేళ్లకు ఈ లెక్క వేయించాలి. 10,000 అప్పు, వడ్డీ నెలకు 3 శాతం. నెలకు 300 కడుతూ పోతే అప్పు ఎప్పుడు తీరుతుంది? ఎప్పటికీ తీరదు, ఎందుకంటే మొదటి నెల వడ్డీయే 300, అసలు కదలదు. నెలకు 400 కడితే 47 నెలలు పడుతుంది, కట్టింది మొత్తం 18,700 దాటుతుంది. నెలకు 600 కడితే 24 నెలల్లో తీరిపోతుంది, కట్టింది 14,000 పైచిలుకు. అదే 3 శాతం, కట్టకుండా వదిలేస్తే ఏడాదికి 36 కాదు, 42 దాటుతుంది. సూత్రం వాడకుండా, నెలకొక వరుస చొప్పున చేత్తో రాయించాలి. నలభై ఏడు వరుసలు రాయడం విసుగే. ఆ విసుగు పాఠంలో భాగం. అప్పు తీర్చేవాళ్లకు ఆ నలభై ఏడు నెలలూ ఎంత పొడుగ్గా ఉంటాయో కొంతైనా తెలుస్తుంది.

ద్రవ్యోల్బణానికి ఒక్క కిటుకు చాలు. 72ను ధరలు పెరిగే రేటుతో భాగిస్తే, ధరలు రెట్టింపు కావడానికి పట్టే ఏళ్లు సుమారుగా వస్తాయి. ఏడాదికి 6 శాతమైతే 12 ఏళ్లు. డిబ్బీలో దాచిన డబ్బు కూడా తరుగుతుందని అర్థమైతే, ఎక్కడ దాచాలన్న ప్రశ్న వాళ్లే అడుగుతారు. ఉన్నదంతా ఒకేచోట పెట్టకూడదన్నది దాని కొనసాగింపు.

ఇల్లు ఒక్కటే చాలదు

ఇంటి చదువుకు డబ్బు విషయంలో ఒక లోటుంది. పిల్లలు చూసేది ఒకే ఇంటి పద్ధతి. తండ్రికి అప్పంటే భయముంటే పిల్లలకూ ఆ భయమే వస్తుంది. తల్లి ధర చూడకుండా కొంటే అదే మామూలనుకుంటారు. తోటివాళ్ల దగ్గర ఉన్నది తన దగ్గర లేకపోవడం, స్నేహితుడు చేబదులు అడిగితే కాదనలేకపోవడం, ఇచ్చింది తిరిగి రాకపోతే అడగడం, ఇలాంటివి బడిపిల్లలకు వద్దన్నా ఎదురవుతాయి. ఇంట్లో చదివే పిల్లలకు వాటిని వెతికి మరీ కల్పించాలి. వేరే కుటుంబాల పిల్లలతో కలిసి ఏదైనా చేసి అమ్మడం, పెట్టుబడి ఎవరిదెంతో రాసుకోవడం, మిగిలింది పంచుకోవడం, అందులో వచ్చే తగవును పెద్దవాళ్లు దూరకుండా తీర్చుకోనివ్వడం. పాడైన వస్తువును దుకాణానికి తిరిగి తీసుకెళ్లి మార్చమని అడగడం. బ్యాంకు కౌంటర్ దగ్గర అర్థంకాని మాటకు అర్థమడగడం. కొత్తవాళ్లతో మర్యాదగా, గట్టిగా మాట్లాడగలగడం డబ్బు నైపుణ్యంలో సగం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లలో జీవన నైపుణ్యాలంటూ పదింటిని గుర్తించింది. నిర్ణయం తీసుకోవడం, సమస్య పరిష్కరించుకోవడం, కొత్తగా ఆలోచించడం, తర్కించి చూడడం, చెప్పదలచుకున్నది చెప్పగలగడం, మనుషులతో మెలగడం, తన్ను తాను తెలుసుకోవడం, ఎదుటివారి స్థితిని గ్రహించడం, భావోద్వేగాలను, ఒత్తిడిని తట్టుకోవడం. ఆ జాబితాలో డబ్బు పేరు లేదు, వంట లేదు, రిపేర్లు లేవు. కానీ పైన చెప్పిన ప్రతి డబ్బు పనిలో ఆ పదిలో కనీసం మూడు నాలుగు ఉన్నాయి. అందుకే డబ్బును విడిగా ఒక సబ్జెక్టు చేయడం కంటే, వంటకు నెల సరుకులు లెక్కగట్టడంలో, సైకిలు బాగుచేసుకోవాలా కొత్తది కొనాలా అని తేల్చుకోవడంలో, ప్రయాణానికి టికెట్లు, సమయం, ఖర్చు చూసుకోవడంలో కలిపి నేర్పడమే నాకు సరైనదనిపిస్తుంది.

ఇంటి ఆదాయం మొత్తం పిల్లలకు చెప్పాలా అన్నది ఒక్కో ఇంటి ఇష్టం. చిన్నపిల్లల మీద పెద్దల ఆందోళన మోపడం మంచిది కాదు. మధ్యేమార్గంగా ఒక్క ఖర్చును పూర్తిగా తెరిచి చూపించవచ్చు. తర్వాత దాన్ని అప్పగించవచ్చు. పద్నాలుగు పదిహేనేళ్ల పిల్లకు తన బట్టల ఖర్చు ఏడాది మొత్తానికి ఒకేసారి ఇచ్చి, ఇక నీదే బాధ్యత అనడం ఒక మంచి మొదలు. నాలుగో నెలకే డబ్బయిపోవచ్చు. అప్పుడు తల్లిదండ్రులు చేయాల్సిన పని చాలా కష్టమైనది: మళ్లీ నింపకుండా ఉండడం, "నేను ముందే చెప్పాను" అనకుండా ఉండడం. నిజంగా అవసరమైనది ఏదైనా ఉంటే, వచ్చే ఏడాది డబ్బులోంచి ముందుగా అప్పుగా ఇచ్చి, పద్దు రాసి, ఇద్దరూ సంతకం పెట్టుకోవచ్చు. మిగతా ఎనిమిది నెలలు పాత బట్టలు కుట్టుకుంటూ, మార్చుకుంటూ గడిపిన పిల్ల రెండో ఏడాది డబ్బు చేతికి రాగానే ముందు కాగితం తీసుకుంటుంది. తీసుకోకపోతే మూడో ఏడాది కూడా ఉంది. పదిహేనేళ్లప్పుడు ఇంట్లో ఈ నష్టానికి ఒక హద్దుంటుంది, పాతికేళ్లప్పుడు బయట ఉండదు.

ఇంటి చదువుకు ఎక్కడెక్కడ అనుమతి ఉందో, ఏ నమోదులు, పరీక్షలు కావాలో దేశాన్ని బట్టి మారుతుంది. అమెరికాలో 50 రాష్ట్రాల్లోనూ చట్టబద్ధం, జర్మనీలో దాదాపుగా నిషేధం. కానీ ఇందులో చెప్పిన పనులకు ఏ ప్రభుత్వ అనుమతీ అక్కర్లేదు. బడికి వెళ్లే పిల్లలకు కూడా సాయంత్రాలు, సెలవులు ఉన్నాయి, ఇంటికి నెలనెలా బిల్లులు వస్తూనే ఉంటాయి.